కాటన్ దొర పటం మన హాల్లో ఎందుకు వద్దంటున్నాను



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నా. రాత్‌పాళీ దిగి వచ్చినవాళ్ళు పడుకుని లేచాక చదవండి. సగం చదివి మధ్యలో కామెంటు పెట్టకండి. పోయినసారి అట్లాగే లొల్లి అయింది.

మే 15న మన గ్రూపులో ఒక తమ్ముడు సర్ ఆర్థర్ కాటన్ ఫోటో పెట్టాడు. జయంతి శుభాకాంక్షలు, అపర భగీరథుడు, చేతులు జోడించిన బొమ్మలు అయిదు. దాని కింద మొదలైంది. ఒకరు దేవుడన్నారు. ఒకరు "ఆంధ్రోళ్ళ దొర మనకెందుకు, మన దిక్కు ఒక్క చుక్క నీళ్ళిచ్చిండా" అన్నారు. ఇంకొకరు ఆయన మతం తీశారు. పొద్దుగూకేసరికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. అంతటితో పోయేది. కానీ హాలుకు రంగులేసేటప్పుడు మార్కండేయ మహర్షి, కొండా లక్ష్మణ్ బాపూజీ పటాల పక్కన కాటన్ దొర పటం కూడా పెడదామని, ఫ్రేము ఖర్చు ఒక దాత ఇస్తారని కమిటీ దగ్గరికి మాట వచ్చింది. వచ్చే ఆదివారం మీటింగులో తేలుస్తారట.

నేను వద్దంటాను. అయితే గ్రూపులో వద్దన్నవాళ్ళ కారణాలు నావి కావు. వాళ్ళలో సగం మందికి ఆయన ఎవరో తెలియదు. పెట్టాలన్నవాళ్ళలో సగం మందికీ తెలియదు. కాబట్టి ముందు మనిషి సంగతి చెబుతాను.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. పదిహేనో ఏట ఆడిస్కంబ్‌లో ఈస్టిండియా కంపెనీ నడిపే సైనిక పాఠశాలలో చేరాడు. 1821లో మద్రాసుకు వచ్చింది సైనికుడిగానే, మద్రాస్ ఇంజనీర్స్ దళంలో చిన్న అధికారిగా. మనం ఆయనను టోపీ పెట్టుకుని కాలువ గట్టు మీద నిలబడ్డ ఇంజనీరుగానే చూస్తాం. కానీ 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధానికి ఆయన వెళ్ళాడు. కోటల మీదికి ఎగబడే దళాల ముందు నడిచాడు. ఆ రోజుల్లో కంపెనీకి వేరే ఇంజనీర్లు లేరు. రోడ్డు వేసినా, వంతెన కట్టినా, చెరువు బాగు చేసినా పట్టాలున్న సైనికాధికారే చేయాలి. ఈయన ఉద్యోగం చివరిదాకా సైన్యం లెక్కలోనే ఉంది. 1877లో రిటైరైనప్పుడు ఆయన హోదా జనరల్.

1828లో ఆయన్ని కావేరి మీద పరిశీలనకు పంపారు. ఆయన జీవితం అక్కడ తిరిగింది. తంజావూరు దిక్కు కల్లణై అనే పాత ఆనకట్ట ఉంది. కరికాల చోళుడు కట్టించాడని తమిళులు చెబుతారు. ఇసుక ఎంత లోతుందో తెలియని నదిలో, గట్టి నేల తగలకుండానే, రాళ్ళు పడేసి వాటంతటవి కూరుకుని నిలిచేదాకా పేర్చి కట్టిన కట్ట అది. లండన్ చదువుల్లో ఆ విద్య లేదు. కాటన్ దాన్ని చూసి నేర్చుకున్నాడు. 1836 ప్రాంతంలో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు ఆ పద్ధతి నమ్ముకునే కట్టాడు. ఆయనలో నాకు నచ్చే గుణం ఇక్కడే ఉంది. ఇసుకలో పునాది వేసే విద్య ఈ దేశపు పాతవాళ్ళ దగ్గర నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు, దాచిపెట్టలేదు. మన సంఘంలో ఎవరి ఐడియా ఎవరు చెప్పుకుంటారో మీకు తెలుసు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నా.

ఇక గోదావరి. 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో దాదాపు రెండు లక్షల మంది పోయారని అప్పటి లెక్కలు. 1839లో కోరంగి మీద తుఫాను పడింది. రాజమండ్రి జిల్లాలో 1821లో ఏడు లక్షలు దాటి ఉన్న జనం 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది. పక్కనే గోదావరి నిండుగా పోయి సముద్రంలో కలుస్తోంది. కాటన్ 1844లో రిపోర్టు రాశాడు. మర్యాదగా రాసిన రిపోర్టు కాదు. శిస్తు వసూలు చేసుకుంటున్న సర్కారు నీళ్ళ మీద పైసా పెట్టడం లేదని పైవాళ్ళను ఎత్తిపొడిచాడు. ఆరోగ్యం అప్పటికే చెడిపోయి, కొన్నేళ్ళు టాస్మేనియాలో ఉండి కోలుకుని వచ్చిన మనిషి. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852లో ముగించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. అంచనా ఖర్చు అయిదు లక్షల రూపాయల లోపే. ఈ రోజు ఆ నీళ్ళ కింద దాదాపు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. ఆ రైతులు ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నారు, కొందరు పురోహితులు సంకల్పంలో ఆయన పేరు తలుచుకుంటారని కూడా చెప్పుకుంటారు. వాళ్ళది వాళ్ళకు న్యాయం. అన్నం తిన్న చెయ్యి దండం పెడుతుంది. దాన్ని ఎగతాళి చేసే హక్కు భివండీలో కూర్చున్న మనకు లేదు.

ఇక మతం సంగతి. ఆయన దైవభక్తి గల క్రైస్తవుడు, నిజమే. ఆ నీళ్ళు తాగిన వరి ఏ మతమో చెప్పినవాళ్ళకు నేను చాయ్ తాగిస్తా.

మరి నాకు అభ్యంతరం ఎక్కడ?

మనం సాలోళ్ళం. ఆ హాలు సాలోళ్ళ చెమటతో కట్టిన హాలు. అందులో గోడకెక్కే మనిషిని సాలోడి కంటితో ఒక్కసారి చూడాలి కదా.

గోదావరి డెల్టా అంటే వరి మడులే కాదు, ఒకప్పుడు మగ్గాల నేల. నరసాపురం పక్కన మాధవాయపాలెం అని ఊరుంది. అక్కడి బట్ట ఎంత పేరు మోసిందంటే ఇంగ్లీషువాళ్ళు ఆ ఊరి పేరునే వంకరగా పలికి ఒక రకం బట్టకు మడపోలం అని పేరు పెట్టుకున్నారు. అక్కడ, ఇంజరంలో, బండమూర్లంకలో కంపెనీ బట్టల కోఠీలు ఉండేవి. లాంకషైర్ మిల్లు బట్ట దిగాక ఆ కోఠీలు మూతపడ్డాయి. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. కరువు వచ్చింది అదే ఏళ్ళలో. రైతు పొలం ఎండితే ఒకసారి చస్తాడు, సాలోడు అంతకు ముందే బేరం పోయి ఒకసారి, తిండి దొరక్క ఇంకోసారి చచ్చాడు. ఆనకట్ట కట్టాక రైతు లేచాడు. మగ్గం లేవలేదు. ఈ పాపం కాటన్‌ది అని నేను అనను. ఆయన వచ్చేటప్పటికే అది అయిపోయింది.

కానీ తరవాతి కథ ఉంది, గ్రూపులో ఎవరూ పెట్టనిది.

ధవళేశ్వరం అయిన తరవాత కాటన్ అంతటితో ఆగలేదు. గోదావరిని పైదాకా పడవలు నడిచే దారి చేయాలని పట్టుబట్టాడు. భద్రాచలం పైన దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు, ఆ పైన ఇంచంపల్లి, ఇంకా పైకి ప్రాణహిత, వార్ధా దాకా. ఎందుకు? నాగపూర్, బేరార్ పత్తి కోసం. అక్కడి పత్తి పడవల్లో దిగి కాకినాడ తీరానికి, అక్కడ ఓడ ఎక్కి ఇంగ్లండుకు. 1857లో మాంచెస్టర్ మిల్లు యజమానులు కాటన్ సప్లై అసోసియేషన్ అని పెట్టుకున్నారు. వాళ్ళు ఈ పథకానికి గట్టి వత్తాసు. 1861లో అమెరికాలో యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి వాళ్ళ గోల ఇంకా పెరిగింది. కాకినాడ రేవు పత్తి ఎగుమతితో వెలిగింది ఆ రోజుల్లోనే. కోకనాడాస్ అని ఒక రకం పత్తికి పేరే పడింది. మనిషి పేరులోనే పత్తి ఉందని నవ్వుకోవచ్చు, నేనూ నవ్వుకున్నా. కానీ ఆలోచించండి. ఎవరి మిల్లుల వల్ల మాధవాయపాలెం మగ్గం మూలపడిందో, ఆ మిల్లులకే దారి వేయడానికి ఈయన గోదావరిని పైదాకా తవ్వాలన్నాడు. పోయేటప్పుడు పత్తి, వచ్చేటప్పుడు బట్ట. అందులో సాలోడికి ఏముంది?

ఆ పథకం ఓడిపోయింది. ఎందుకో తెలిస్తే మనకే ముక్కు మీద వేలు పడుతుంది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. ఏ దారిన? మన కళ్యాణ్ మీదుగా. మనం సిరిసిల్ల పోవడానికో, షోలాపూర్ చుట్టాల ఇంటికి పోవడానికో బండెక్కే ఆ కళ్యాణ్ స్టేషనే. పత్తి పడవెక్కకుండా రైలెక్కి బొంబాయి వచ్చింది. దుమ్ముగూడెం పైన పని 1870ల మొదట్లో ఆపేశారు. ఆ పత్తితోనే బొంబాయి మిల్లులు పెరిగాయి. మన తాతలు మొదట వచ్చింది ఆ మిల్లుల్లోకే, భివండీ సాంచెల మీదికి తరవాత. కాటన్ చివరిదాకా రైలును తిట్టాడు. రైలు కంపెనీలకు పోసే డబ్బు కాలువలకు పోస్తే దేశంలో కరువే ఉండదని వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి కూడా అదే చెప్పాడు. నీళ్ళ విషయంలో ఆయనే కరెక్టు అని నాకూ అనిపిస్తుంది. అయినా ఆయన ఓడిపోయిన ఆ దారిలో మన కూడు ఉంది. చరిత్ర ఇట్లాంటిది, ఒక్క బొమ్మకు ఇమడదు.

ఆయన పెట్టిన ప్రతి చెయ్యీ బంగారం కాదు కూడా. కర్నూలు-కడప కాలువ ఆయన ఆలోచనే. దాన్ని లండన్‌లో వాటాలు అమ్మిన ప్రైవేటు కంపెనీ తవ్వింది. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద అయిదు శాతం వడ్డీకి సర్కారు హామీ. లాభం వచ్చినా రాకపోయినా ఇంగ్లండు వాటాదారుకు వడ్డీ ముట్టాలి, ఇక్కడి శిస్తులోంచి. కాలువ నష్టాల్లో నడిచింది. 1882లో సర్కారే కొనేసింది. దేవుడైతే ఈ లెక్క అడగం. అందుకే దేవుడు అనొద్దంటున్నా. అధికారి అంటే మెచ్చుకోవచ్చు, నిలదీయవచ్చు, రెండూ కుదురుతాయి.

"మన దిక్కు చుక్క నీళ్ళివ్వలేదు" అన్న అన్నకు కూడా ఒక మాట. అన్నా, మన కరీంనగర్ అప్పుడు నిజాం ఇలాకా. మద్రాసు సర్కారు అధికారి వచ్చి మానేరు మీద కట్ట కట్టలేడు. మన దిక్కు కట్టాల్సింది మన సర్కారు. కట్టింది కూడా ఉంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన జయంతికి మన గ్రూపులో ఎవరు ఫోటో పెట్టారు? గోదావరి మీద పోచంపాడుకు నెహ్రూ రాయి వేసింది 1963లో. నీళ్ళు మా ఊరి దిక్కు వచ్చేలోపే మా బాపు మగ్గం అటకెక్కించి భివండీ బస్సెక్కాడు. దీనికి కాటన్‌ను తిట్టి ఏం లాభం? కోపం ఉంటే నిజాంను అడగాలి, తరవాత వచ్చిన సర్కార్లను అడగాలి. ఇంకొకటి, ఆ గోదావరి పుట్టింది త్రయంబకంలో. మన నాశిక్ హైవే మీద పొద్దున బయల్దేరితే స్నానం చేసి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఆంధ్ర నది, తెలంగాణ నది అని కొట్టుకునేవాళ్ళు ఆ నది మహారాష్ట్రలో పుట్టిందని మరిచిపోతున్నారు, మన పిల్లలు కూడా అక్కడే పుట్టారు.

నీళ్ళ విలువ టెంఘర్ వాళ్ళకు ఎవరూ చెప్పక్కరలేదు. ఉల్హాస్ నీళ్ళను షహాద్ దగ్గర తోడి, మన టెంఘర్‌లో శుద్ధి చేసి ఠాణే దాకా పంపుతారు. పథకం పేరులోనే మన ఊరుంది. ఆ పంపుల దగ్గర రాత్రి డ్యూటీ చేసేవాడి పేరు చెప్పమంటే నాకూ తెలియదు. సరిగ్గా ఇదే నా అసలు బాధ.

ధవళేశ్వరంలో పదివేల మంది దాకా పని చేశారని చెబుతారు. రాయి కొట్టినవాళ్ళు, సున్నం కాల్చినవాళ్ళు, పడవలు నడిపినవాళ్ళు, తట్ట మోసిన ఆడవాళ్ళు. వాళ్ళలో ఎన్ని పేర్లు మనకు తెలుసు? నాకు తెలిసి గట్టిగా వినపడేది ఒక్కటే, వీణెం వీరన్న. కాటన్ కింద ఓవర్సీరుగా పని చేసి ఆ కూలీలను కూడగట్టి, నిలబెట్టి, పని నడిపించిన మనిషి. వీరన్న లేకపోతే ఆనకట్ట పూర్తి చేయలేకపోయేవాడినని కాటనే ఒప్పుకున్నాడు. రాయ్ బహదూర్ బిరుదు, మెల్లూరు ఊరి శిస్తు ఆదాయం సర్కారు ఆయనకు ఇచ్చింది. 1867లో పోయాడు. ధవళేశ్వరం దగ్గర గుర్తుగా రాయి ఉంది. మరి ఊరూరా విగ్రహాల్లో వీరన్న ఎన్ని? ఫార్వర్డ్ మెసేజుల్లో వీరన్న ఎక్కడ? గుర్రం మీద ఉన్న దొరను చూపితే లైకులు వస్తాయి, తట్ట ఎత్తించిన మనిషిని చూపితే రావు.

ఆ దొర తనకు విద్య నేర్పిన కల్లణైని చెప్పుకున్నాడు, వీరన్నను చెప్పుకున్నాడు. ఆయన చెప్పిన మాటలు వదిలేసి ఆయన ముఖం ఒక్కటే ఫ్రేము కట్టించుకుంటామా?

ఇప్పుడు మన హాలు దగ్గరికి వద్దాం. కొంతమందికి కోపం వస్తుంది, రానివ్వండి.

మెట్లెక్కగానే ఎడమ పక్క నల్లరాయి ఫలకం ఉంది. అందులో దాతల పేర్లు. పైన పెద్ద అక్షరాలతో పెద్ద మొత్తాలు, కింద చిన్న అక్షరాలతో చిన్న మొత్తాలు, ఒక అంకె కన్నా తక్కువ ఇచ్చినవాళ్ళు "తదితరులు". ఆ తదితరుల్లో మా బాపు ఉన్నాడు. హాలు కట్టేటప్పుడు ఖాతా ఖాతాకు తిరిగి ఒక్కొక్క కార్మికుడి దగ్గర ఒక వారం పగార్‌లోంచి కోసుకున్నారు. ఇష్టపూర్వకంగానే ఇచ్చారు, నేను కాదనను. స్లాబు వేసిన రోజు సాంచెలు బంద్ పెట్టి మనోళ్ళే తట్టలు మోశారు. మా అమ్మ చున్నం కలిపింది. ఆ రోజు అన్నం వండి పెట్టిన ఆడవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు. దాతలను నేను తక్కువ చేయడం లేదు, వాళ్ళ డబ్బు లేకపోతే సిమెంటు రాదు. కానీ తట్ట మోసినవాళ్ళు లేకపోతే సిమెంటు బస్తాల్లోనే గడ్డకట్టేది.

పోయినేడు కమిటీలో ఈ మాట ఎత్తితే ఒక పెద్దమనిషి నవ్వి, "అందరి పేర్లు రాయాలంటే ఎంత రాయి కావాలె, ఊకో" అన్నాడు. నేను ఊకున్నా. కాటన్ ఫోటో మాట వచ్చాక ఊకోబుద్ధి కాలేదు. నూట డెబ్బై ఏళ్ళ కింద, వెయ్యి కిలోమీటర్ల అవతల కట్టిన ఆనకట్టకు ఫ్రేము ఖర్చు దొరుకుతుంది గానీ, మన కళ్ళ ముందు కట్టిన హాలుకు పేర్లు రాసే ఖర్చు దొరకదా?

కొందరు అంటారు, పటం పెడితే పిల్లలు ఆయన గురించి తెలుసుకుంటారు కదా అని. ఏం తెలుసుకుంటారు? పటం కింద ఒక తేదీ, రెండు విశేషణాలు. పిల్లలు నిజంగా తెలుసుకోవాలంటే దసరా సెలవుల్లో బండి కట్టించండి, నేను తీసుకుపోతా. ధవళేశ్వరం మ్యూజియం చూపిద్దాం, వీరన్న రాయి చూపిద్దాం, తిరిగి వచ్చేటప్పుడు దుమ్ముగూడెం పాత ఆనకట్ట చూపించి మాంచెస్టర్ కథ చెబుదాం. ఒక్కరోజు త్రయంబకం కూడా. ఖర్చు మనిషికి ఇంత అని వేసుకుందాం. ఫ్రేము ఇస్తానన్న దాత అదే డబ్బు బస్సు డీజిలుకు ఇస్తే ఆయనకు అందరి ముందు శాలువా నేనే కప్పుతా.

గోదావరి వాళ్ళు మన గ్రూపులో నలుగురైదుగురు ఉన్నారు. మీకు నొప్పి కలిగితే క్షమించండి. మీ ఇంట్లో ఆ దొర పటం పెట్టుకోండి, నేను మీ ఇంటికి వస్తే నేనూ దండం పెడతా. నా తగాదా ఆయనతో కాదు.

పేర్ల సంగతి. హాలు కట్టినప్పటి రశీదు పుస్తకాలు పోయాయని చాలా ఏళ్ళుగా వింటున్నాం. పోలేదు. అప్పటి కోశాధికారి గారి ఇంట్లో అటక దులిపేటప్పుడు పోయిన నెల దొరికాయి. పదకొండు పుస్తకాలు. రెండింటికి చెదలు పట్టింది, తొమ్మిది చదవొచ్చు. వాళ్ళ కోడలు నాకు తెచ్చి ఇచ్చింది. రోజూ డ్యూటీ అయ్యాక పేర్లు నోటుబుక్కులో ఎక్కిస్తున్నా. పేరు, ఖాతా, ఇచ్చిన మొత్తం. కొన్ని చోట్ల సంతకానికి బదులు వేలిముద్ర ఉంది, పక్కన ఊరి పేరు ఉంది. స్లాబు రోజు ఎవరెవరు పని చేశారో పుస్తకంలో ఉండదు కాబట్టి అది అడిగి రాయాలి. అప్పుడు ఉన్నవాళ్ళు, లేదా మీ అమ్మానాన్నల నోట విన్నవాళ్ళు నాకు ఫోన్ చేయండి, లేకపోతే సాయంత్రం ఏడు తరవాత హాలు మెట్ల దగ్గర ఉంటా.

ఆదివారం మీటింగు పదకొండుకి. ఎజెండాలో మూడో అంశం పటం. దాని కిందే నాలుగో అంశంగా పేర్ల ఫలకం పెట్టాలని రాతపూర్వకంగా ఇచ్చా, సెక్రటరీ గారు తీసుకుని సంతకం పెట్టారు. పుస్తకాలు తొమ్మిదీ తెస్తాను. చెదలు పట్టిన రెండూ కూడా తెస్తాను.